లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చదవడం ఎలా: ఐడిల్ నుంచి ఘాట్ రోడ్డు దాకా

కారు కంప్యూటర్‌ను చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి కొన్నారు, స్టీరింగ్ కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్‌లో పెట్టారు, ఫోన్‌లో యాప్ తెరిచారు. గేజీల మధ్య ఎల్‌టీఎఫ్‌టీ (లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, పెట్రోలు లెక్కను బండి ఎంత శాతం దిద్దుకుందో చెప్పే అంకె) అని ఒకటి 14.8 చూపిస్తోంది. పది దాటితే ఇంజిన్ పోయినట్టే అని ఒకరంటారు, పాతిక దాకా పర్వాలేదని ఇంకొకరంటారు. ఇక టెన్షన్ మొదలు.

ఆ ఒక్క అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అదే 14.8 ఐడిల్‌లో కనిపిస్తే ఒక రోగం, హైవే మీద కనిపిస్తే ఇంకో రోగం, అన్నిచోట్లా ఒకేలా ఉంటే అసలు రోగమే కాకపోవచ్చు. అంకె ఎంత అనేదాని కన్నా ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అనేదే ముఖ్యం. దాన్ని ఎలా చదవాలో, చదివాక ట్యూనింగ్‌లో ఎలా వాడాలో చూద్దాం. ఇదంతా పెట్రోలు, సీఎన్‌జీ బళ్ల సంగతి. డీజిల్ కారు వాళ్లకు ఇక్కడ పెద్దగా పని లేదు.

ముందు ప్లస్సు, మైనస్సు

ఇంటికి కొత్త ఉప్పు ప్యాకెట్ వచ్చింది, పాతదాని కన్నా కాస్త చప్పన. మొదటి రోజు పప్పుచారు మరుగుతుండగా రుచి చూసి ఇంకో చిటికెడు వేస్తారు. రెండో రోజూ అంతే. నాలుగో నాటికి చేయి అలవాటు పడి మొదటే కాస్త ఎక్కువ వేస్తుంది, రుచి చూశాక కలపాల్సిన పని ఉండదు. అప్పటికప్పుడు వేసే చిటికెడు ఎస్‌టీఎఫ్‌టీ, అంటే షార్ట్ టర్మ్ ట్రిమ్. చేతికి అలవాటైపోయిన ఆ అదనం ఎల్‌టీఎఫ్‌టీ. ఇక్కడ నాలుక పని చేసేది ఎగ్జాస్ట్‌లో ఇంజిన్‌కు దగ్గరగా ఉండే మొదటి ఆక్సిజన్ సెన్సర్.

ప్లస్ అంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తన టేబుల్‌లో ఉన్న లెక్క కన్నా ఎక్కువ పెట్రోలు పోస్తోందని. సెన్సర్‌కు మిశ్రమం లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైనట్టు కనిపించింది కాబట్టి పోస్తోంది. మైనస్ అంటే కోస్తోందని. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. ప్లస్ చూసి ‘బండి రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై) నడుస్తోంది’ అంటారు. ప్లస్ 15 ఉన్న ఇంజిన్ ఆ క్షణాన సరిగ్గానే నడుస్తూ ఉండొచ్చు. ఆ సరి కావడానికి 15 శాతం అదనంగా పోయాల్సి వచ్చిందన్నదే ఆ అంకె చెప్పే మాట.

రెండు ట్రిమ్‌లనూ కలిపి చూడండి. ఎల్‌టీఎఫ్‌టీ ప్లస్ 12, ఎస్‌టీఎఫ్‌టీ మైనస్ 9 ఉంటే మొత్తం ప్లస్ 3 మాత్రమే. రోగం పోయింది, పాత అలవాటు ఇంకా పోలేదు. మొత్తం అటూ ఇటూ 5 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 10 దాకా ఓ కన్నేసి ఉంచండి. 10 దాటితే వెతకండి. చాలా బళ్లలో 20-25 దగ్గరకు వెళ్లి అక్కడే నిలబడితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, లీన్ అయితే పీ0171, రిచ్ అయితే పీ0172.

ఒక చిన్న సంగతి. ఈ అంకెను బండి ఒక బైటులో పంపిస్తుంది. దాంట్లోంచి 128 తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ 128తో భాగించి శాతం చేస్తారు. అందుకే అది 0.78 మెట్ల మీద గెంతుతుంది. 14.8 తర్వాత నేరుగా 15.6 వస్తుంది, సరిగ్గా 15 అని ఎప్పుడూ రాదు. ఒక్క మెట్టు కదిలిందని కంగారు పడకండి.

కొలిచే పద్ధతి

యాప్‌లో ఉన్న గేజీలన్నీ పెట్టుకోకండి. చవక డాంగిల్స్ నెమ్మదిగా చదువుతాయి, ఇరవై గేజీలు పెడితే ఒక్కోటి ఎప్పటికో మారుతుంది. ఆర్‌పీఎం, కూలెంట్ టెంపరేచర్, ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్, ఎస్‌టీఎఫ్‌టీ, ఎల్‌టీఎఫ్‌టీ, ఇంకా మాఫ్ (లోపలికి వెళ్లే గాలిని లెక్కపెట్టేది) గానీ మ్యాప్ (ఇంజిన్‌లోకి గాలిని పంచే మేనిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) సెన్సర్ గానీ మీ బండిలో ఏది ఉంటే అది. ఈ ఆరు చాలు.

బండిని కనీసం పదిహేను నిమిషాలు నడిపి, కూలెంట్ 80 డిగ్రీలు దాటాకే మొదలుపెట్టండి. స్టేటస్ దగ్గర క్లోజ్డ్ లూప్ అని ఉండాలి. ఓపెన్ లూప్ అంటే ఈసీయూ ఇంకా సెన్సర్ మాట వినడం లేదని, అప్పుడు ట్రిమ్‌కు అర్థం లేదు. ఏసీ ఆపేయండి. నిన్ననే బ్యాటరీ విప్పి ఉన్నా, కోడ్‌లు చెరిపి ఉన్నా నేర్చుకున్నదంతా సున్నా అయి ఉంటుంది. ఓ రెండు రోజులు తిరిగాక చూడండి. సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు ఎల్‌టీఎఫ్‌టీ అన్నిచోట్లా కచ్చితంగా 0.0 ఉంటే మురిసిపోకండి. మీరు రావడానికి కాసేపటి ముందు ఎవరో చెరిపి ఉంటారు.

ఇప్పుడు నాలుగు చోట్ల రాసుకోండి. ఒకటి, ఐడిల్‌లో రెండు నిమిషాలు. రెండు, బండి నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం రేస్ చేసి పట్టుకుని. మూడు, ఖాళీ రోడ్డు మీద గంటకు 70-80 కిలోమీటర్ల నిలకడ వేగంతో. నాలుగు, ఫ్లైఓవర్‌నో ఘాట్‌నో ఎక్కుతూ ఇంజిన్ బరువు లాగుతున్నప్పుడు. చివరి రెండింటికి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, లేదంటే యాప్‌లో లాగ్ ఆన్ చేసి ఇంటికొచ్చాక చూసుకోండి. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ చూడొద్దు.

ఐడిల్‌లో ఎక్కువ, రేస్ చేస్తే తక్కువ

మా పెదనాన్న కొడుకు సెడాన్ ఒకటి ఇలాగే వచ్చింది. ఐడిల్‌లో కాస్త వణుకు, చెక్ ఇంజిన్ లైటు. అప్పటికే ఒక గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే ముక్కు) క్లీనింగ్ చేశారు, వేలల్లో బిల్లు కట్టించుకున్నారు. పది రోజులకు లైటు మళ్లీ వచ్చింది. నేను రాసుకున్న అంకెలివి: ఐడిల్‌లో 18.0, బండి నిలబెట్టి 2,500 దగ్గర 4.7, హైవే మీద 1.6.

ఇలా కిందికి దిగే వరస చూడగానే చెప్పొచ్చు, మాఫ్ సెన్సర్‌ను తప్పించుకుని ఎక్కడి నుంచో గాలి దూరుతోందని. లెక్క చూడండి. ఐడిల్‌లో మాఫ్ సెన్సర్ సెకనుకు 2 గ్రాముల గాలిని లెక్కపెట్టింది అనుకుందాం. పగుల్లోంచి ఇంకో 0.4 గ్రాములు దొంగతనంగా వచ్చింది. అంటే పెట్రోలు 20 శాతం అదనంగా పోయాలి. 2,500 దగ్గర మాఫ్ 9 గ్రాములు లెక్కపెడుతుంది, పగుల్లోంచి వచ్చేది మాత్రం దాదాపు అదే 0.4. ఇప్పుడది నాలుగున్నర శాతమే. పగులు మారలేదు, దాని వాటా తగ్గిందంతే.

బానెట్ ఎత్తి ఐడిల్‌లో ఉంచి ఒక్కో వాక్యూమ్ గొట్టాన్నీ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కుతూ వెళ్లాను. కళ్లు ఎస్‌టీఎఫ్‌టీ మీద. బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని మేనిఫోల్డ్ వైపు నొక్కగానే 1.6 ఉన్నది రెండు సెకన్లలో మైనస్ 14కు జారింది. ఎల్‌టీఎఫ్‌టీ ఇంకా 18 దగ్గరే ఉంది కాబట్టి మొత్తం 4కు దిగినట్టు. గొట్టం వంపు కింద, పైనుంచి కనపడని చోట, గోరంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే తెరుచుకుంటోంది. గొట్టం మార్చాక రెండు రోజుల్లో ఎల్‌టీఎఫ్‌టీ 3.1కి వచ్చింది.

గొట్టాలతో తేలకపోతే మేనిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు, పీసీవీ వాల్వ్, ఆయిల్ డిప్‌స్టిక్ సీలు కూడా చూడండి. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు. పని చేస్తుంది, కానీ ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ పక్కన అది నిప్పుతో ఆట. స్మోక్ మెషిన్ ఉన్న గ్యారేజీ దొరికితే అదే మేలు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ గాస్కెట్ పోయినా ఇదే వరస వస్తుంది. పొగ తోసుకుపోయే ప్రతి రెండు దెబ్బల మధ్యా బయటి గాలి లోపలికి పీల్చుకుపోయి సెన్సర్‌ను మోసం చేస్తుంది. అప్పుడు ఈసీయూ అనవసరంగా పెట్రోలు పోసి ఇంజిన్‌ను నిజంగానే రిచ్ చేస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెట్టండి, టిక్ టిక్‌మని వినిపిస్తే అనుమానం అటే.

రెండోది ఇంకా పెద్దది. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ సెన్సర్ ఉండదు, మేనిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకైన గాలి కూడా మేనిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి ఈసీయూ దాన్నీ లెక్కలో కలిపేసుకుంటుంది. ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ ఆర్‌పీఎం మాత్రం పెరుగుతుంది. మీ బండి ఏ రకమో తెలియకుండా ‘ట్రిమ్ బాగుంది, లీకేమీ లేదు’ అనుకోకండి.

బరువు పెరిగేకొద్దీ పెరిగితే

ఐడిల్‌లో 3, హైవేలో 8, ఘాట్‌లో 17. ఇది పెట్రోలు అందకపోవడం. పంపు అలిసిపోయింది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా ఇంజెక్టర్లు పూడుకుపోయాయి. ఐడిల్‌లో కావాల్సింది కొంచెమే కాబట్టి అప్పుడు బయటపడదు. మాఫ్ ఉన్న బండిలో ఆ సెన్సర్ తీగ మీద దుమ్ము పట్టినా ఇలాగే కనిపిస్తుంది, ఎక్కువ గాలి వెళ్లేటప్పుడు తక్కువ లెక్కపెడుతుంది. ముందు మాఫ్‌ను దాని క్లీనర్‌తోనే శుభ్రం చేయండి, అది చవక. తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి. అప్పటిదాకా కాలు పూర్తిగా తొక్కకండి. ఫుల్ థ్రాటిల్‌లో చాలా బళ్లు సెన్సర్ మాట వినడం మానేస్తాయి, ఆ కొరతను దిద్దేవాళ్లు ఉండరు.

మైనస్ వైపు కథలు తక్కువ. ఐడిల్‌లో మైనస్ 12, మిగతా చోట్ల మామూలు అయితే ఒక ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు, లేదా పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ట్యాంకులోని ఆవిర్లను ఎప్పుడూ లోపలికి పంపుతూ ఉండొచ్చు. పర్జ్ గొట్టం నొక్కి చూడండి, ట్రిమ్ ఎగిరితే దొరికినట్టే. ఆయిల్‌లో పెట్రోలు కలిసినా మైనస్ వస్తుంది, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే రిచ్ అవుతుంది అని ఇప్పటికీ గ్యారేజీల్లో అంటుంటారు. అది కార్బ్యురేటర్ కాలం మాట. ఇప్పటి బళ్లు వచ్చిన గాలినే కొలిచి పెట్రోలు పోస్తాయి. ఫిల్టర్ మూసుకుంటే పికప్ తగ్గుతుంది, ట్రిమ్ పెద్దగా కదలదు.

అన్నిచోట్లా ఒకేలా ప్లస్ 6 ఉంటే

మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు బంకు గురించి ఆలోచించండి. స్వచ్ఛమైన పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిపితే 14.1 దగ్గర, ఇరవై శాతం కలిపితే 13.5 దగ్గర సరిపోతుంది. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ10 నుంచి ఈ20కి మారితే దాదాపు 4 శాతం, ఇథనాల్ లేని పెట్రోలుకు లెక్క వేసిన పాత బండికైతే 8-9 శాతం. 2025 నాటికి మన బంకుల్లో ఈ20 మామూలైపోయింది. 2012 నాటి హ్యాచ్‌బ్యాక్‌లో ఐడిల్, 2,500, హైవే అన్నిచోట్లా 6, 7 కనిపిస్తే అది రోగం కాకపోవచ్చు, చప్పటి ఉప్పు ప్యాకెట్ అంతే. ఆ బండి ఫ్యూయల్ గొట్టాలు, రబ్బర్లు ఇథనాల్‌ను తట్టుకుంటాయా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు ట్యూనింగ్

పైన చెప్పిన లీకులు, పంపులు సరిచేయకుండా ల్యాప్‌టాప్ తెరవకండి. గొట్టంలో చీలికకు టేబుల్‌లో మాట్లు వేస్తే, రేపు ఆ గొట్టం మార్చిన రోజు బండి రిచ్ అయిపోతుంది. వారంటీలో ఉన్న బండికి రీమ్యాప్ (ఈసీయూ టేబుల్స్ మార్పించడం) చేయిస్తే వారంటీ పోతుందనీ గుర్తుంచుకోండి.

బండి ఆరోగ్యంగా ఉంది, పెద్ద ఇంజెక్టర్లో కొత్త ఇంటేకో వేశారు, ట్రిమ్ పక్కకు వెళ్లింది. మొదట దాని ఆకారం చూడండి. అన్నిచోట్లా ఒకే శాతం తప్పితే వీఈ టేబుల్ (ఏ ఆర్‌పీఎం, లోడు దగ్గర సిలిండర్‌లో ఎంత గాలి నిండుతుందో రాసిన పట్టిక) ముట్టుకోకండి, ఇంజెక్టర్ ఫ్లో అంకె తప్పు, అదొక్కటి మార్చండి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, పల్స్ (ఇంజెక్టర్‌ను తెరిచి ఉంచే సమయం) పొడవు పెరిగేకొద్దీ కరిగిపోతుంటే ఇంజెక్టర్ డెడ్ టైమ్ తప్పు. ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే టైమును 0.2 మిల్లీసెకన్లు తక్కువ రాశారనుకోండి. 2 మిల్లీసెకన్ల పల్స్‌లో అది పది శాతం, 8లో రెండున్నర. గొట్టం లీకు వరస కూడా అచ్చం ఇదే కాబట్టి చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. తేల్చుకోవడానికి ఒక దారి: ఐడిల్‌లో హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి వోల్టేజ్‌ను కిందికి లాగండి. వోల్టేజ్‌తో పాటు ట్రిమ్ కదిలితే అనుమానం డెడ్ టైమ్ టేబుల్ మీదే.

ఇవి రెండూ కాకుండా ఏదో ఒక ఆర్‌పీఎం, లోడు దగ్గర మాత్రమే తప్పితే అప్పుడు వీఈ టేబుల్, మాఫ్ బండి అయితే మాఫ్ కర్వ్. లెక్క సులువు. 3,000 ఆర్‌పీఎం, 60 కిలోపాస్కల్ గడిలో 72 ఉంది, అక్కడ రెండు ట్రిమ్‌ల మొత్తం ప్లస్ 8. 72ను 1.08తో గుణిస్తే 77.8. కానీ ఒకేసారి అంత పెట్టకండి. నేనైతే సగం పైచిలుకు, 76 పెట్టి మళ్లీ లాగ్ తీస్తాను. ఒకే ఒక్క రీడింగు నమ్మి గడి మార్చకండి, కాలు నిలకడగా ఉన్నప్పుడు వచ్చిన రీడింగులు ఓ యాభై అయినా ఉండాలి. గేరు మార్చేటప్పుడు, కాలు తీసేసినప్పుడు వచ్చినవి పారేయండి. మార్చిన గడికి పక్క గడులను కూడా కాస్త సర్దండి, లేకపోతే అక్కడ బండి కుదుపు ఇస్తుంది. ప్రతి మార్పు తర్వాత ట్రిమ్‌లు సున్నా చేసి, వంద కిలోమీటర్లయినా తిరిగాక చూడండి.

బయట వేయించిన సీఎన్‌జీ కిట్ ఉంటే

మన దగ్గర ట్రిమ్ చదవడం నిజంగా అన్నం పెట్టే చోటు ఇదే అని నా అభిప్రాయం. సీక్వెన్షియల్ కిట్‌లో పెట్రోల్ ఈసీయూకు గ్యాస్ సంగతి తెలియదు. అది పెట్రోలు ఇంజెక్టర్లకు పంపే పల్స్‌ను గ్యాస్ ఈసీయూ మధ్యలో పట్టుకుని, ఒక గుణకంతో పెంచి గ్యాస్ ఇంజెక్టర్లకు ఇస్తుంది. గుణకం తప్పితే ఆ తప్పును పెట్రోల్ ఈసీయూ నేర్చుకుంటుంది.

ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది: పొద్దున బండి స్టార్ట్ అయి ఆగిపోతుంది, రెండు మూడు సార్లు రేస్ చేస్తే గానీ నిలబడదు, పగలంతా బాగుంటుంది. ప్లగ్గులు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు. జరిగేది ఏంటంటే, గ్యాస్ గుణకం ఎక్కువై, మిశ్రమం రిచ్‌గా ఉండి పెట్రోల్ ఈసీయూ మైనస్ 15 నేర్చుకుంది. పొద్దున బండి పెట్రోలు మీద స్టార్ట్ అవుతుంది, కాస్త వేడెక్కాక గ్యాస్‌కు మారుతుంది. ఆ నేర్చుకున్న మైనస్ 15ను పెట్రోలుకు కూడా వాడితే, చల్లటి ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోలు కావాల్సిన వేళ తక్కువ పడుతుంది.

ముందు పెట్రోలు మీద అరగంట నడిపి, వేడి ఇంజిన్‌తో నాలుగు చోట్లా ట్రిమ్ రాసుకోండి. తర్వాత గ్యాస్‌కు మార్చి అదే రోడ్డు మీద అదే వేగాలతో మళ్లీ రాయండి. పెట్రోలులో ప్లస్ 3, గ్యాస్‌లో ప్లస్ 14 వస్తే, ఆ పల్స్ పొడవు దగ్గర గ్యాస్ గుణకాన్ని పది శాతం పెంచండి. మైనస్ వస్తే తగ్గించండి. గ్యాస్‌లో సున్నా తెప్పించాలని తంటాలు పడకండి. పెట్రోలులో ఎంత ఉందో గ్యాస్‌లోనూ అంతే రావాలి, ఎందుకంటే నేర్చుకునే బుర్ర రెంటికీ ఒక్కటే. ఐడిల్ సరిచేశాక హైవే మళ్లీ చూడండి, ఒకచోట లాగితే ఇంకోచోట జరుగుతుంది. మార్చే ముందు గ్యాస్ ఫిల్టర్, రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే పరికరం) ప్రెషర్ చూసుకోండి. ఇదంతా ఆమోదం ఉన్న కిట్‌కు, ఆర్‌సీలో ఎక్కించిన బండికి. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కార్లలో చేయి పెట్టకండి.

ఫుల్ థ్రాటిల్ గడుల గురించి ఒక మాట. అక్కడ ఈసీయూ ఓపెన్ లూప్‌లో ఉంటుంది, మామూలు ఆక్సిజన్ సెన్సర్ రిచ్ అనో లీన్ అనో చెబుతుంది తప్ప ఎంత అన్నది చెప్పలేదు. కొన్ని బళ్లు క్రూజింగ్‌లో నేర్చుకున్న ఎల్‌టీఎఫ్‌టీనే అక్కడా తగిలిస్తాయి, కొన్ని తగిలించవు. క్రూజింగ్‌లో ట్రిమ్ బాగుందని పై గడులను అదే శాతంతో మార్చితే పిస్టన్ మీద పందెం కట్టినట్టే. ఆ ఎంత అన్నది కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న ట్యూనర్ దగ్గరకు తీసుకెళ్లండి. అది దొరికేదాకా ఆ వరసలను కంపెనీ పెట్టినట్టే వదిలేయండి.